కుర్రవాళ్ళకు మోటార్‌సైకిళ్ళ మీద మోజు పోయిందా?

మోటార్‌సైకిళ్ళ అమ్మకాలు పడిపోతున్నాయనీ, కొత్త తరానికి వాటి మీద ఆసక్తి పోయిందనీ అంటున్నారు, అది ఎంతవరకు నిజం, ఈ తరం అసలు ఎలాంటి బండి కోరుకుంటోంది అన్నది ఇక్కడి ప్రశ్న. నేను చాలాకాలం ఒక షోరూములో మోటార్‌సైకిళ్ళ అమ్మకాల పని చూశాను. తర్వాత వాడిన బళ్ళు కొని, బాగుచేయించి అమ్మే వ్యాపారంలోకి వచ్చాను. అందువల్ల కొత్త బండి కొనేవారినే కాక, ధర విని వెనుదిరిగిన వారినీ, కొన్న కొద్దికాలానికే అమ్ముకునే వారినీ దగ్గరగా చూశాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆసక్తి పోయిందన్న మాటలో సగం కూడా నిజం లేదు. తయారీదారులు ఒకే తరం కొనుగోలుదారులను పట్టుకుని, వారి వయసుతో పాటు, వారి సంపాదనతో పాటు బళ్ళను పెద్దవిగా, బరువైనవిగా, ఖరీదైనవిగా చేసుకుంటూ పోయారు. ఇరవై ఏళ్ళ మనిషి మొట్టమొదటగా కొనదగిన బండి చాలాచోట్ల, చాలాకాలం పాటు, షోరూములోనే కనిపించకుండా పోయింది.

అయితే అమ్మకాల పతనం అన్నిచోట్లా ఒకే కారణంతో జరగలేదు. అమెరికాలో 2006 ప్రాంతంలో ఏడాదికి సుమారు 11 లక్షల కొత్త బళ్ళు అమ్ముడుపోయేవి. 2008 ఆర్థిక సంక్షోభంతో ఆ సంఖ్య సగానికి పైగా పడిపోయి, మళ్ళీ పాత స్థాయికి చేరలేదు. అక్కడి సంస్థ హార్లే డేవిడ్‌సన్ 2006లో ప్రపంచమంతటా డీలర్లకు సుమారు 3.49 లక్షల బళ్ళు పంపింది. 2019 నాటికి, అంటే కోవిడ్ మహమ్మారికి ముందే, అది 2.14 లక్షలకు దిగింది. జపాన్ పతనం ఇంకా పాతది, ఇంకా లోతైనది: 1982లో 32 లక్షలు దాటిన అక్కడి ద్విచక్రవాహనాల అమ్మకాలు ఇటీవలి కాలంలో ఏడాదికి నాలుగు లక్షల దగ్గర ఉన్నాయి. భారతదేశంలో 2018-19 ఆర్థిక సంవత్సరంలో 2.12 కోట్ల ద్విచక్రవాహనాలు అమ్ముడుపోగా 2021-22లో అది 1.35 కోట్లకు పడిపోయి, 2024-25లో తిరిగి 1.96 కోట్లకు వచ్చింది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి "యువత మారిపోయింది" అనేస్తే ఏదీ అర్థం కాదు.

అమెరికా సంగతిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే అంకె అమ్మకాలది కాదు, యజమానుల వయసుది. అక్కడి మోటార్‌సైకిల్ పరిశ్రమల మండలి సర్వేల ప్రకారం 1985లో యజమానుల మధ్యస్థ వయసు సుమారు 27 ఏళ్ళు. 2018 నాటికి అది 50 ఏళ్ళు. అంటే ఎనభైలలో కుర్రవాళ్ళుగా బండి ఎక్కినవారే ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ప్రధాన కొనుగోలుదారులుగా మిగిలారు, వారి వెనుక వరుస పలచబడింది. ఆ మధ్యకాలంలో లాభాలు బాగానే వచ్చాయి కాబట్టి ఎవరికీ భయం వేయలేదు. యాభై ఏళ్ళ మనిషికి ఇల్లు ఉంటుంది, బండి పెట్టుకునేందుకు చోటు ఉంటుంది, అప్పు సులభంగా పుడుతుంది. దూర ప్రయాణాలకు వాడే 370 కిలోల టూరింగ్ బండి, దానికి అదనపు హంగులు, జాకెట్టు, బూట్లు అన్నీ ఒకేసారి కొంటాడు. అలాంటి ఖాతాదారు ఉండగా, వాయిదాలు కట్టగలడో లేడో తెలియని కుర్రవాడి కోసం చిన్న బండి తయారుచేయాలని ఏ సంస్థకు మాత్రం తొందర ఉంటుంది?

ఇది డీలరు స్థాయిలో ఎలా పనిచేస్తుందో నేను లోపలి నుంచి చూశాను. మేము పనిచేసిన చోట అమ్మకందారుల కమిషన్ బండి ధరను బట్టి, దానికి జోడించిన హంగులను బట్టి ఉండేది. చిన్న ఇంజను బండి మీద డీలరుకు మిగిలేది కొద్ది మొత్తం. అది కొనే మనిషి మాత్రం ప్రశ్నలు ఎక్కువ అడుగుతాడు, రెండు మూడుసార్లు వస్తాడు, ఇంట్లోవాళ్ళను తీసుకువస్తాడు, అప్పు కాగితాలకు పూచీదారును వెతుక్కుంటాడు. పెద్ద బండి కొనే మనిషి ఒక్క మధ్యాహ్నంలో తేల్చేస్తాడు. ఫలితంగా చిన్న బళ్ళను షోరూములో మూలకు నెట్టేవారు, వాటిలో ఒక్కటి కూడా టెస్ట్ రైడ్‌కు సిద్ధంగా ఉండేది కాదు, వచ్చిన కుర్రవాడికి "ఇంకొంచెం పెట్టుకుంటే పైది వస్తుంది కదా" అని నచ్చజెప్పమని మాకు శిక్షణలోనే నేర్పేవారు. అతడు పైది కొనేవాడు కాదు, కిందిదీ కొనేవాడు కాదు. ఊరికే వెళ్ళిపోయేవాడు. అలా వెళ్ళిపోయినవారిని ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి, ఏడాది చివర నివేదికలో "యువతలో ఆసక్తి తగ్గుతోంది" అని రాయడం అందరికీ సౌకర్యంగా ఉండేది.

జపాన్‌లో పరిస్థితి వేరు. అక్కడ 1982లో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘాల జాతీయ సమాఖ్య చేపట్టిన ఉద్యమం ఒకటి ఉంది: హైస్కూలు పిల్లలకు లైసెన్సు తీసుకోనివ్వకూడదు, బండి కొనివ్వకూడదు, నడపనివ్వకూడదు. ప్రమాదాలు, రాత్రిపూట వీధుల్లో అల్లరి మూకలు దానికి కారణాలు, ఆ భయం నిరాధారమైనదీ కాదు. కానీ పదహారేళ్ళకు నేర్చుకోవలసినదాన్ని ఒక తరం మొత్తం నేర్చుకోలేదు. 2006లో పార్కింగ్ నిబంధనల అమలు కఠినమయ్యాక నగరాల్లో బండి పెట్టుకునే చోటు కరువైంది. విద్యుత్ సహాయంతో నడిచే సైకిళ్ళు చిన్న ప్రయాణాలను లాగేసుకున్నాయి. కాలుష్య నిబంధనల వల్ల 50 సీసీ బళ్ళు చేయడం గిట్టుబాటు కాక, 2025లో ఆ తరగతి నిర్వచనాన్నే మార్చి, శక్తిని 4 కిలోవాట్లకు పరిమితం చేసిన 125 సీసీ బళ్ళకు చోటిచ్చారు. ఇప్పుడు అక్కడ కొత్త బండి కొనేవారి సగటు వయసు యాభై దాటింది. అయినా ఆ దేశంలోనే హోండా రెబెల్ 250, జీబీ350 వంటి తేలికపాటి, సాదా బళ్ళు మార్కెట్లోకి రాగానే వాటి కోసం జనం వరుస కట్టారు. అలసిపోయిన మార్కెట్ అని అందరూ చెప్పేచోట ఇలా జరగడం నన్ను ఆలోచింపజేసింది.

భారతదేశపు అంకెల్ని విడదీసి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. 2018-19లో 1.36 కోట్లుగా ఉన్న మోటార్‌సైకిళ్ళ అమ్మకాలు 2024-25లో సుమారు 1.23 కోట్ల దగ్గర ఉన్నాయి, అంటే అప్పటికి పాత శిఖరానికి చేరలేదు. అదే కాలంలో స్కూటర్లు 67 లక్షల నుంచి 68 లక్షలు దాటి తమ పాత రికార్డును మించాయి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి అయిదేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టవలసి రావడం, 2019 నుంచి 125 సీసీ పైబడిన బళ్ళకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి కావడం, 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు అమలుకావడం ఒకదాని వెంట ఒకటి వచ్చి పడ్డాయి. ఇవేవీ అనవసరమైనవి కావు, ఏబీఎస్ విషయంలోనైతే ఆలస్యంగా వచ్చిందనే అంటాను. కానీ బీమా, బీఎస్6ల భారం దామాషాలో ఎక్కువగా పడింది అట్టడుగు ధరలో ఉన్న 100, 110 సీసీ బళ్ళ మీద. మొదటి బండి కొనేవాడు ఆగిపోయింది అక్కడే. మరోపక్క రాయల్ ఎన్‌ఫీల్డ్, 2010లో ఏడాదికి యాభై వేల చిల్లర బళ్ళు అమ్మిన సంస్థ, 2024-25లో పది లక్షలు దాటింది. డబ్బున్న యువత మోటార్‌సైకిల్‌ను వదిలేసి ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు.

ఇక అభిరుచుల మాట. నేను పని మొదలుపెట్టిన రోజుల్లో షోరూములోకి వచ్చిన కుర్రవాడు ముందుగా అడిగేది ఇంజను ఎన్ని సీసీలు, ఎంత వేగం పోతుంది అని. తర్వాతి కాలంలో ఆ ప్రశ్న దాదాపు మాయమైంది, ఎందుకంటే గడపలో అడుగుపెట్టేసరికే అతడికి ఆ వివరాలు నాకంటే బాగా తెలిసి ఉంటున్నాయి. వీడియోల్లో నలుగురు అయిదుగురు నడిపి చూపించినవి చూసి, యజమానుల ఫిర్యాదులు చదివి, పోటీ బండితో పోల్చుకుని వస్తున్నాడు. అతడు అడిగేవి బ్రోచరులో దొరకని విషయాలు: నా కాళ్ళు రెండూ నేలకు ఆనతాయా, ట్రాఫిక్‌లో క్లచ్ పట్టీ పట్టీ చేయి నొప్పి పుడుతుందా, ఇంజను వేడి తొడలకు తగులుతుందా, సర్వీసుకు నిజంగా ఎంతవుతుంది, మూడేళ్ళకు అమ్మేస్తే ఎంత వస్తుంది. ఈ చివరి ప్రశ్న పాత తరం దాదాపు అడిగేది కాదు. బండిని చాలాకాలం ఉంచుకునే ఉద్దేశం లేకపోవడమే దానికి కారణమని మా వాళ్ళు విసుక్కునేవారు. నాకు అది మంచి లెక్క తెలిసిన మనిషి అడగవలసిన ప్రశ్నలాగే కనిపించేది.

సీటు ఎత్తు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ చిన్న కొలత నేను చూసిన ఎన్నో అమ్మకాలను నిలబెట్టింది, ఎన్నిటినో చెడగొట్టింది. హోండా రెబెల్ 500 సీటు ఎత్తు 690 మిల్లీమీటర్లు, బరువు 190 కిలోల దగ్గర. దానిమీద కూర్చున్న కొత్తవారి ముఖంలో బెరుకు పోవడం స్పష్టంగా కనిపిస్తుంది. అదే మనిషిని 830 మిల్లీమీటర్ల సీటున్న బండి మీద కూర్చోబెడితే ధర ఎంత తగ్గించినా లాభం లేదు. ఆడవాళ్ళు కొనుగోలుదారులుగా పెరగడంతో ఈ విషయానికి విలువ ఇంకా పెరిగింది. అమెరికాలో యజమానుల్లో మహిళల వాటా 2009లో 10 శాతం ఉంటే 2018లో 19 శాతానికి వచ్చింది. అయినా చాలాచోట్ల అమ్మకందారు ఆమెతో మాట్లాడకుండా ఆమె వెంట వచ్చిన మగవాడితో మాట్లాడటం నేను ఎన్నోసార్లు చూశాను. అలా జరిగిన రోజున బండి అమ్ముడుపోయేది కాదు.

రూపం విషయంలో ఈ తరం ఎంపిక మొదట్లో నాకు విడ్డూరంగా అనిపించేది. తళతళలాడే క్రోమ్ పూత, వెడల్పాటి చక్రాలు, భారీ శబ్దం వాళ్ళకు నచ్చవు. అవి తండ్రుల తరం బళ్ళు. కానీ తాతల తరం రూపం, అంటే గుండ్రటి దీపం, సాదా ట్యాంకు, నిటారుగా కూర్చునే భంగిమ, అది చాలా నచ్చుతుంది, దాని లోపల మాత్రం ఇంధన ఇంజెక్షను, ఏబీఎస్, ఫోనుకు ఛార్జింగ్ ఉండాలి. రెండో ఇష్టం పొడవాటి హ్యాండిల్, కాస్త ఎత్తయిన సస్పెన్షన్ ఉన్న అడ్వెంచర్ తరహా బండి. మట్టిదారి తొక్కేది ఎప్పుడో ఒకసారే అయినా, గతుకుల రోడ్డు మీద అది సుఖంగా పోతుందన్నది నిజమే. రేసు బళ్ళ మీద ఒంగి కూర్చునే మోజు తగ్గింది, దానికి నడుము నొప్పి కంటే బీమా ప్రీమియం ఎక్కువ కారణమని నా అనుమానం. ఒకే సంస్థకు కట్టుబడి ఉండటం అన్నది ఇంచుమించు లేదు. తండ్రి నడిపిన పేరు కాబట్టి అదే కొంటానని వచ్చిన యువకులు నాకు చాలా అరుదుగా తారసపడ్డారు.

ఫోన్లే యువతను బళ్ళ నుంచి దూరం చేశాయన్న వాదన తరచుగా వినిపిస్తుంది. దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపిన లెక్క ప్రకారం 1983లో అమెరికాలో పదహారేళ్ళ వారిలో 46 శాతం మందికి డ్రైవింగ్ లైసెన్సు ఉండేది, 2014లో అది 24.5 శాతం. అయితే ఇది కార్లతో సహా మొత్తం డ్రైవింగుకు సంబంధించిన మార్పు, మోటార్‌సైకిల్ మీద మాత్రమే పడిన దెబ్బ కాదు. నాకు తెలిసినంతలో ఫోను చేసిన అసలు హాని మరొకటి: ఎదుటి వాహనంలో ఉన్నవాడు దాన్ని చూస్తూ నడుపుతాడన్న భయం. అమెరికాలో ప్రయాణించిన మైలుకు లెక్కగడితే మోటార్‌సైకిల్ మీద మరణించే ప్రమాదం కారులో కంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. కొనాలని అన్నీ మాట్లాడుకుని, చివరికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదని చెప్పి వెళ్ళిపోయినవారిని తప్పుపట్టడానికి నాకు ఎప్పుడూ మాట రాలేదు.

చిన్న బండి తెస్తే కొత్తవారు వస్తారన్నది కొత్త సిద్ధాంతం కాదు. 1959లో అమెరికాలో అడుగుపెట్టిన హోండా, అరవైలలో ఆ దేశంలో మోటార్‌సైకిల్ అంటే తోలుజాకెట్ల ముఠాలే గుర్తుకొచ్చే కాలంలో, విద్యార్థులకూ గృహిణులకూ చిన్న సూపర్ కబ్‌ను చూపించి అమ్మింది. 1958లో మొదలైన ఆ బండి కుటుంబం 2017 నాటికి పది కోట్ల ఉత్పత్తి దాటింది. ఆ చిన్న బళ్ళ మీద నేర్చుకున్నవారే తర్వాత పెద్ద బళ్ళు కొన్నారు. ఐరోపాలో ఇదే పని చట్టం చేసింది: 2013 నుంచి అమలైన లైసెన్సు నిబంధనల్లో మధ్యస్థాయి అయిన ఏ2 తరగతికి 35 కిలోవాట్ల పరిమితి పెట్టడంతో, ఆ పరిమితికి సరిపోయే 300 నుంచి 500 సీసీ బళ్ళు తయారుచేయక తప్పలేదు, అవి ప్రపంచమంతటా కొత్తవారికి పనికొచ్చాయి. లైసెన్సు తతంగం, దాని ఖర్చు కొందరిని ఆపేశాయన్నదీ వాస్తవమే.

హార్లే ప్రయాణం ఈ విషయంలో చూడదగినది. 2013 చివర స్ట్రీట్ 500, 750 అనే చిన్న బళ్ళను ప్రకటించింది. పదేళ్ళలో అమెరికాలో 20 లక్షల కొత్త రైడర్లను తయారుచేస్తామని ఆ తర్వాత లక్ష్యం పెట్టుకుంది. 2020లో నాయకత్వం మారాక దృష్టి మళ్ళీ లాభసాటి భారీ బళ్ళ వైపు తిరిగింది, స్ట్రీట్ ఆగిపోయింది, భారతదేశంలో సొంత తయారీ మూసి హీరో మోటోకార్ప్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందం నుంచి 2023లో ఎక్స్440 వచ్చింది. 2025లో స్ప్రింట్ అనే తక్కువ ధర బండి తెస్తామని మళ్ళీ ప్రకటించింది. నిచ్చెన కింది మెట్టును పెట్టడం, తీసేయడం, మళ్ళీ పెట్టడం అన్నమాట. డీలర్ల శిక్షణ, కమిషన్ పద్ధతి మారకుండా బండి మాత్రం మారితే ఏమవుతుందో పైన చెప్పాను.

నా వాదనకు అడ్డువచ్చే ఉదాహరణ కూడా ఉంది. కేటీఎమ్ చిన్న డ్యూక్ బళ్ళతో యువతను ఆకట్టుకున్న సంస్థ, బజాజ్‌తో కలిసి వాటిని తక్కువ ఖర్చుతో తయారుచేయించుకుంది. అయినా 2024 నవంబరులో అప్పులు తీర్చలేక ఆస్ట్రియాలో దివాలా ప్రక్రియను ఆశ్రయించింది. మహమ్మారి రోజుల్లో పెరిగిన గిరాకీ అలాగే నిలుస్తుందనుకుని తయారుచేసిన బళ్ళు గోదాముల్లో పేరుకున్నాయి, ఈలోగా వడ్డీరేట్లు పెరిగి వాయిదాల మీద కొనేవారు వెనక్కి తగ్గారు. యువతకు నచ్చే బండి చేయడం ఒక ఎత్తు, ఎన్ని చేయాలో తెలియడం మరో ఎత్తు.

విద్యుత్ బండి వస్తే యువత దానికదే వస్తుందన్న ఆశ స్కూటర్లలో కొంత ఫలించింది, మోటార్‌సైకిళ్ళలో ఇంతవరకు లేదు. హార్లే 2019లో 29,799 డాలర్లకు తెచ్చిన లైవ్‌వైర్, తర్వాత విడి సంస్థగా మారి 2023, 2024 సంవత్సరాల్లో ఏడాదికి ఆరు వందల చిల్లర బళ్ళు మాత్రమే అమ్మగలిగింది. నగరంలో తిరిగే స్కూటరుకు చిన్న బ్యాటరీ చాలు. రహదారి మీద వేగంగా పోయే మోటార్‌సైకిల్‌కు గాలిని చీల్చుకుపోవడానికే ఛార్జింగ్ ఖర్చయిపోతుంది, బ్యాటరీ పెంచితే బరువూ ధరా పెరుగుతాయి. ఇంతకుముందు చెప్పిన కుర్రవాడు భయపడేది సరిగ్గా ఆ రెండింటికే.

చివరగా నా ఇప్పటి వ్యాపారం గురించి. కొత్త బళ్ళ అమ్మకాల అంకెల్లో వాడిన బళ్ళు కనిపించవు. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మొదటి బండి కొనేవారే, ఎక్కువమంది ముప్ఫై లోపువారే. షోరూములో బీమా, రిజిస్ట్రేషను కలుపుకున్న మొత్తం విని ఇటు వచ్చినవారే. కొంతమంది ఏడాది రెండేళ్ళు నడిపి, చేయి తిరిగాక, దాన్ని నాకే అమ్మి కొత్తది కొనుక్కుంటారు. కాబట్టి పరిశ్రమ ఆరోగ్యం తెలుసుకోవాలనుకునేవారు మొత్తం అమ్మకాలను పక్కనపెట్టి, అందులో మొదటిసారి కొన్నవారు ఎంతమంది, వారి వయసు ఎంత అని అడగమని నా సలహా. మొత్తం అమ్మకాలు పెరుగుతూనే యజమానుల వయసు కూడా పెరుగుతూ పోవడం అమెరికాలో తొంభైల నుంచి 2006 వరకు జరిగింది.